మైక్రోస్కోపు ముట్టకుండా డిగ్రీకి వచ్చిన పిల్లలతో పరిశోధన ఎలా?

డిగ్రీ, ఎంబీబీఎస్ విద్యార్థులకు బయోమెడికల్ పరిశోధన నేర్పాలనుకునే అధ్యాపకులు, ఆ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి రాసిన ఉత్తరాలు ఈ సంచికకు ఎంచుకున్నాం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లల గురించే ఎక్కువమంది అడిగారు.

ప్రశ్న: ఆరుగురు విద్యార్థులతో చిన్న రీసెర్చ్ గ్రూపు నడపాలని ఉంది. మార్కులు చూసి తీసుకుంటే టౌన్‌లో ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లే వస్తున్నారు. కోసిగి, కౌతాళం నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు అసలు పేరే ఇవ్వడం లేదు. వాళ్లకు ఆసక్తి లేదనుకోవాలా?
– జువాలజీ అధ్యాపకురాలు, ఆదోని

జవాబు: అలా అనుకోకండి. నోటీసు బోర్డు మీద 'ఆసక్తి గలవారు సంప్రదించగలరు' అని పెడితే, పరిశోధన అంటే ఏమిటో ముందే తెలిసినవాళ్లే వస్తారు. తెలియని పిల్లకు ఆసక్తి ఎక్కడి నుంచి పుడుతుంది? క్లాసులోకి వెళ్లి తెలుగులో చెప్పండి. ఏ పని చేయిస్తారో, వారానికి ఎన్ని గంటలో, ఏ రోజుల్లోనో, డబ్బు ఖర్చు ఉంటుందో ఉండదో, ముందుగా ఏమీ రాకపోయినా ఫరవాలేదో చెప్పండి. 'ఏమీ రాకపోయినా ఫరవాలేదు' అన్న మాటను రెండుసార్లు చెప్పండి.

తరవాత పేర్లిచ్చిన అందరికీ రెండు వారాలు ఒకే పని ఇవ్వండి. మా సలహా పిపెట్‌తో, అంటే కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి పీల్చే పరికరంతో, నీళ్లు తీసి తూచడం. 1000 మైక్రోలీటర్ల పిపెట్, డిస్టిల్డ్ వాటర్, మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు, ఒక చిన్న బీకరు ఉంటే చాలు. ఒక్కొక్కరు పదిసార్లు తూచి రాయాలి. 25 డిగ్రీల దగ్గర ఒక మిల్లీలీటరు నీళ్లు 0.997 గ్రాములు తూగుతాయి. మన ఎండాకాలంలో గది 35 డిగ్రీలుంటే 0.994 వస్తుంది. ఆ తేడా పిపెట్ తప్పు కాదని ముందే చెప్పండి. త్రాసు దగ్గర ఫ్యాను ఆపించండి, లేకపోతే అంకె నిలవదు. బీకరుకు మూత లేకపోతే తూచేలోపే కొంత ఆవిరైపోతుంది.

పది అంకెలూ ఒకే వైపుకు, ఒకే పాటి తేడాతో తప్పితే పరికరంలోనో పద్ధతిలోనో లోపం ఉందని అర్థం. పీల్చేటప్పుడు బొటనవేలు రెండో ఆనింపు దాకా (చివరి చుక్క వదలడానికి మాత్రమే వాడే లోతు దాకా) నొక్కేవాళ్లకు ప్రతిసారీ ఎక్కువ వస్తుంది. అంకెలు చెల్లాచెదురుగా ఉంటే చేయి ఇంకా కుదరలేదు: చటుక్కున వదలడం వల్ల బుడగ చేరుతోంది, లేదా టిప్పును ఒకటి రెండుసార్లు నీళ్లతో తడపకుండా మొదలుపెడుతున్నారు. కొలతలో తప్పులు రెండు రకాలన్న సంగతి ఈ ఒక్క పనితోనే పిల్లలకు చేతిలోకి వస్తుంది. పాఠంగా చెబితే నెల పడుతుంది.

ఎంచుకునేటప్పుడు మొదటిరోజు అంకెలు చూడకండి. మొదటిరోజుకూ ఆరో రోజుకూ మధ్య ఏం మారిందో చూడండి. నోటు పుస్తకంలో తప్పు అంకెను ఒక గీతతో కొట్టి పక్కన సరైనది రాసినవాళ్లను, 'మేడమ్, ఇది ఎందుకిలా వస్తోంది' అని అడిగినవాళ్లను తీసుకోండి. పది అంకెలూ అచ్చంగా 0.997 అని రాసుకొచ్చిన పిల్లవాడిని తిట్టకండి. తప్పు అంకె రాస్తే మార్కులు పోతాయని పన్నెండేళ్లు మనమే నేర్పాం. ఇక్కడ పోవని చెప్పి ఇంకో వారం చూడండి.

ఇక ఆరుగురు అన్నారు. వారానికి పదహారు పీరియడ్లు చెప్పే అధ్యాపకురాలికి నలుగురు చాలు. ఒక్కో విద్యార్థికి వారానికి ఒక గంట మీరు విడిగా కూర్చోవాలి. ఆ గంట దొరకని పిల్ల గ్రూపులో ఉన్నా లేనట్టే. కోసిగి రూటులో ఒక్కరినే కాకుండా ఇద్దరిని తీసుకోండి, తిరుగు బస్సుకు తోడుంటుంది. ల్యాబ్ వేళలు బస్సును బట్టి పెట్టండి.

ప్రశ్న: మూడు వారాలు బుద్ధిగా వచ్చిన కుర్రాడు ఉన్నట్టుండి మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. పోయినేడూ ఇలాగే ఇద్దరు పోయారు. శ్రద్ధ లేనివాళ్లకు నేర్పడం వృథా అనిపిస్తోంది.
– మైక్రోబయాలజీ అధ్యాపకుడు, ఎమ్మిగనూరు

జవాబు: ఇలా మానేసినవాళ్లలో ఎక్కువమంది పని నచ్చక మానేయరు. ఇంట్లోవాళ్లు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోయి ఉంటారు. గొడ్డూగోదా, ముసలివాళ్లు, తమ్ముడూ చెల్లెలూ ఇతని మీద పడి ఉంటారు. హాస్టల్లో ఏడు దాటితే అన్నం దొరకకపోవచ్చు. మేం తరచుగా చూసే కారణం మరొకటి ఉంది, దాన్ని అధ్యాపకులు దాదాపుగా గుర్తించరు. కుర్రాడు ఏదో పగలగొట్టి ఉంటాడు, లేదా బ్యాక్టీరియా పెంచే కల్చర్ ప్లేట్లన్నీ వేరే క్రిములు చేరి పాడై ఉంటాయి. డబ్బు కట్టమంటారనో, సార్ ముఖం చూడలేకనో రాడు.

అందుకే మొదటి రోజే ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అందులో ఇవి ఉండాలి: సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు మించకూడదు; ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షలకు ముందు వారం సెలవు; గాజుసామాను పగిలితే డబ్బు తీసుకోరు, కానీ అదే రోజు చెప్పాలి; రాలేకపోతే ఎవరికి మెసేజ్ పెట్టాలి; రెండు నెలలు ఆగి తిరిగి వచ్చినా చోటుంటుంది. ఈ చివరి వాక్యం తప్పనిసరి.

ఆ వాక్యం నిలబడాలంటే ప్రాజెక్టును కూడా ఆగి మళ్లీ మొదలయ్యేలా పేర్చాలి. వారం వారం సబ్‌కల్చర్ చేయాల్సిన (కొత్త ప్లేటులోకి మార్చాల్సిన) బ్యాక్టీరియా మీద ఒక్క విద్యార్థిని నిలబెడితే అతను రెండు వారాలు రాకపోయేసరికి పని చచ్చిపోతుంది. స్టాకును గ్లిసరాల్‌లో డీప్‌ఫ్రీజర్‌లో పెట్టండి. గ్లిసరాల్ 15 నుంచి 20 శాతం ఉంటే సరిపోతుంది. ప్రతి పనికీ ఇద్దరిని పెట్టి, ఒకే నోటు పుస్తకం నడపండి. పేజీలకు నంబర్లున్న, కుట్టిన పుస్తకం అయి ఉండాలి, పెన్నుతోనే రాయాలి. రెండోవాడు దాన్ని చదివి పని కొనసాగించగలిగితేనే అది సరిగ్గా రాసిన పుస్తకం.

రాని మూడో రోజే ఫోన్ చేయండి, మూడో వారం దాకా ఆగకండి. 'ఎందుకు రాలేదు' అని మొదలుపెట్టకండి. 'ఎప్పటి నుంచి వీలవుతుంది' అని అడగండి. ఫోన్ ఎత్తకపోతే అతని ఊరి క్లాస్‌మేట్‌తో కబురు పంపండి.

ప్రశ్న: మా విభాగానికి 40 వేల రూపాయలు మంజూరైంది. ద్రావణం రంగు గాఢతను కొలిచే కలరీమీటరు ఒకటి, మామూలు గాజుసామాను ఉన్నాయి. పీసీఆర్ యంత్రం లేదు, సెల్ కల్చర్ లేదు. ఆరోగ్యానికి సంబంధించిన నిజమైన పరిశోధన చేయించగలమా? రికార్డు కోసం చేసే ప్రయోగాలు మాకొద్దు.
– బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు, అనంతపురం

జవాబు: చేయించవచ్చు. మీ జిల్లాలో తాగునీటిలో ఫ్లోరైడ్ కొలవండి. రాళ్లలోని, ముఖ్యంగా గ్రానైట్ జాతి రాళ్లలోని ఫ్లోరైడ్ లోతు బోర్ల నీళ్లలో కరుగుతుంది. పిల్లల పళ్ల మీద మచ్చలు, పెద్దవాళ్ల కీళ్ల బిగుతు ఎక్కడెక్కడ ఉన్నాయో మీ విద్యార్థులకు ఊరి పేర్లతో సహా తెలుసు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రకారం లీటరుకు 1.0 మి.గ్రా. దాకా ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతి.

ఫ్లోరైడ్‌ను నేరుగా కొలిచే ఎలక్ట్రోడ్ కొనే ఆలోచన మొదటి ఏడాది వద్దు, మీ డబ్బులో ఎక్కువ భాగం దానికే పోవచ్చు. స్పాడ్న్స్ పద్ధతి పట్టుకోండి. ఎర్రటి జిర్కోనియం రంగు ద్రావణంలో ఫ్లోరైడ్ కలిస్తే రంగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. మీ కలరీమీటరులో 550–580 మధ్య ఫిల్టరు ఉందో లేదో రియేజెంట్ కొనేముందే చూసుకోండి.

221 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న స్టాకు తయారవుతుంది. దాన్ని పది రెట్లు పలచన చేయండి. ఆ పలచన ద్రావణం నుంచి 0, 1, 2, 3 అలా 7 మి.లీ. దాకా తీసుకొని ఒక్కోదాన్ని 50 మి.లీ. చేస్తే, లీటరుకు 0 నుంచి 1.4 మి.గ్రా. వరకు 0.2 అడుగులతో ఎనిమిది స్టాండర్డులు వస్తాయి. ప్రతి 50 మి.లీ.కు, ముందే కలిపి ఉంచిన ఆ రంగు ద్రావణం (రియేజెంట్) 10 మి.లీ. చేర్చాలి. రియేజెంట్‌లో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి దాన్ని మీరే తయారుచేయండి, పిల్లలతో వద్దు. కలరీమీటరు సున్నాను మామూలు నీళ్లతో కాకుండా, జిర్కోనియం లేని రిఫరెన్స్ ద్రావణంతో పెట్టాలి.

తప్పులు జరిగే చోట్లు చెబుతాం. మొదటిది, ఈ గ్రాఫు కిందికి దిగుతుంది: ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అబ్సార్బెన్స్ (ద్రావణం పీల్చుకునే కాంతి) తగ్గుతుంది. గ్రాఫు ఎప్పుడూ పైకే పోతుందని అలవాటైన పిల్లలు అంకెలు తిరగేసి రాసేస్తారు. రెండోది వేడి. పొద్దున స్టాండర్డులు చేసి మధ్యాహ్నం మూడింటికి నమూనాలు చదివితే ఫలితం చెడిపోతుంది. రెండింటి మధ్య రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. అన్నీ ఒకే పూట, ఒకే బల్ల మీద పెట్టి చదవాలి. మూడోది 1.4 దాటిన నీళ్లు. గీత అక్కడితో ఆగిపోతుంది, దాన్ని సాగదీసి 3.2 అని రాయకూడదు. నమూనాను సగానికో పావుకో పలచన చేసి మళ్లీ చదివి, గుణించాలి. నాలుగోది క్లోరిన్. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసిన కుళాయి నీళ్లకు సోడియం ఆర్సెనైట్ కలపాల్సి వస్తుంది, అది విషం. మొదటి ఏడాది బోరు దగ్గర నేరుగా పట్టిన నీళ్లతోనే పని చేస్తే ఆ గొడవ లేదు. ఐదోది, ఫాస్ఫేట్ ఉన్న సబ్బు పొడితో కడిగి సరిగ్గా జాడించని గాజుసామాను.

నమూనాలు గాజు సీసాల్లో కాకుండా 250 మి.లీ. పాలిథిన్ సీసాల్లో పట్టాలి. బోరును ఐదు నిమిషాలు ఆడనిచ్చి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి నింపాలి. బోరు లోతు, తేదీ, ఫోన్‌లో చూపే జీపీఎస్ అంకెలు అక్కడికక్కడే రాయాలి. ప్రతి పది నమూనాల్లో ఒకదాన్ని రెండు సీసాల్లో పట్టి, రెండో సీసాకు వేరే నంబరు వేసి కలిపేయండి. ఏది దేనికి జతో కొలిచే విద్యార్థికి తెలియకూడదు. ఇంకో పరీక్ష: 25 మి.లీ. నమూనాకు పలచన స్టాకు 2 మి.లీ. చేర్చి 50 చేస్తే 0.4 పెరగాలి. ఆ పెరుగుదలలో 90 నుంచి 110 శాతం తిరిగి కనిపిస్తేనే ఆ రోజు ఫలితాలు ఉంచుకోండి, లేకపోతే అన్నీ మళ్లీ.

ఇప్పుడు అసలు పరిశోధన. నీటిలో ఎంత ఉందో చాలామంది కొలిచారు. మనిషి ఒంట్లోకి ఎంత పోతోందన్నది వేరే లెక్క. 1.2 మి.గ్రా. ఉన్న నీళ్లను ఎండలో రోజుకు 5 లీటర్లు తాగే ఉపాధి హామీ కూలీకి 6 మి.గ్రా. అందుతుంది. 2.5 ఉన్న నీళ్లను 2 లీటర్లు తాగే మనిషికి అందేది 5. పొలంలో ఎవరు ఎంత తాగుతారో, బిందె ఎక్కడి నుంచి వస్తుందో మీ పిల్లలకు తెలిసినంతగా నగరంలోని ప్రయోగశాలకు తెలియదు. వాళ్ల ఊరి అనుభవం ఇక్కడ పరిశోధనకు పెట్టుబడి అవుతుంది. ఆ మాట వాళ్లకు సూటిగా చెప్పండి.

అయితే మనుషులను 'ఎన్ని లీటర్లు తాగుతావు' అని అడగడమూ మనుషుల మీద పరిశోధనే. దానికి ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి కావాలి. మీ డిగ్రీ కాలేజీలో కమిటీ లేకపోతే దగ్గరి మెడికల్ కాలేజీలోనో విశ్వవిద్యాలయంలోనో ఉన్నదాన్ని ఆశ్రయించండి. అందుకే మొదటి ఏడాది నీళ్లు, రెండో ఏడాది మనుషులు అని విడదీయండి. ఫలితం ఊరికి చెప్పేటప్పుడు కాచితే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని కూడా చెప్పించండి. చాలా ఇళ్లలో కాచి తాగితే చాలనుకుంటారు.

ప్రశ్న: ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విద్యార్థుల స్వల్పకాలిక పరిశోధనకు ఇచ్చే ఎస్‌టీఎస్‌కు దరఖాస్తు చేయాలనుంది. షుగర్ రోగులు మందులు సరిగ్గా వాడుతున్నారా అన్న అంశం అనుకున్నాను. 400 మందిని తీసుకోమని సీనియర్లు అంటున్నారు. నాన్న ఆటో నడుపుతారు. ఖర్చు గురించి కూడా భయంగా ఉంది.
– విద్యార్థి, కడప

జవాబు: ముందు ఖర్చు సంగతి. ఈ పథకంలో స్టైపెండ్ 50 వేల రూపాయలు. అయితే అది ముందుగా చేతికి రాదు, రిపోర్టు ఆమోదం పొందాక వస్తుంది. అందువల్ల జేబు నుంచి డబ్బు పెట్టాల్సిన అంశం ఎంచుకోకండి. ల్యాబ్ కిట్లు కొనాల్సిన పని వద్దు. మీ అంశానికి జిరాక్సులు తప్ప పెద్ద ఖర్చు లేదు, అది మంచి ఎంపిక. ఆ జిరాక్సులు కూడా విభాగం భరించాలి. గైడ్‌ను అడగడానికి మొహమాటపడకండి. ఇది చదివే గైడ్లకు: విద్యార్థి అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.

400 అన్న అంకె ఎక్కడిదంటే, సగంమంది సరిగ్గా వాడరని అనుకొని, 5 శాతం అటూ ఇటూ తేడాతో చెప్పాలంటే అంతమంది కావాలి. 10 శాతం తేడాకు ఒప్పుకుంటే 100 మంది చాలు. లెక్క సులభం: నాలుగును 50తో, మళ్లీ 50తో గుణించి, తేడా వర్గంతో భాగించండి. రెండు నెలల్లో ఓపీ నడిచే రోజుల్లో మీకు దొరికేవి పాతిక అనుకుంటే రోజుకు నలుగురు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఇది జరిగే పని. 400 మందిని రాసుకొని చివరి వారంలో ఫారాలు ఊహించి నింపడం కన్నా 100 మందిని నిజంగా అడగడం మేలు.

మీ అంశంలో ఒక గోతి ఉంది. ఆసుపత్రికి వచ్చినవాళ్లనే అడుగుతారు. మందులు మానేసినవాళ్లు ఆసుపత్రికే రారు. అందువల్ల మీ ఫలితం అసలుకన్నా మెరుగ్గా కనిపిస్తుంది. దీన్ని పూర్తిగా తీసేయలేరు, కానీ రిపోర్టులో స్పష్టంగా రాయాలి. శీర్షికలో కూడా 'ఓపీకి వచ్చే రోగుల్లో' అని ఉండాలి. రెండోది, తెల్లకోటు వేసుకొని 'మందులు సరిగ్గా వేసుకుంటున్నావా పెద్దాయనా' అంటే అందరూ వేసుకుంటున్నామనే చెబుతారు. కోటు తీసేసి పక్కన కూర్చొని, 'పోయిన వారంలో ఎన్ని పూటలు తప్పిపోయింది' అని అడగండి. అసలు మొదలుపెట్టేముందు పదిమందితో ప్రశ్నలు పరీక్షించండి. పుస్తకం తెలుగులో రాసిన ప్రశ్న పులివెందుల రైతుకు అర్థం కాకపోతే మార్చండి. మార్చిన ప్రశ్నావళిని మళ్లీ ఎథిక్స్ కమిటీకి చూపాలి.

ఆ కమిటీలో 7 నుంచి 15 మంది సభ్యులుంటారు, అధ్యక్షులు బయటి సంస్థ నుంచి ఉండాలి. అది కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన విభాగంలో నమోదై ఉందో లేదో అడిగి తెలుసుకోండి. సమావేశాలు మీ వీలును బట్టి జరగవు, దరఖాస్తు రాస్తూనే కమిటీకి కాగితాలు పెట్టండి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, ఉర్దూ మాట్లాడేవారికి ఉర్దూలో. చదువురాని రోగి వేలిముద్ర వేసినప్పుడు మీ బృందానికి సంబంధం లేని సాక్షి సంతకం తప్పనిసరి, మీ స్నేహితుడు పనికిరాడు. పిల్లల మీద పరిశోధనైతే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా తీసుకోవాలి; పన్నెండు దాకా నోటిమాట, ఆపైన రాతపూర్వకం.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. మేడమ్ ఇచ్చిన రీసెర్చ్ పేపరు మొదటి పేజీ మూడు రోజులు చదివినా అర్థం కాలేదు. నాకు ఇది రాదేమో.
– బీఎస్సీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: వస్తుంది. నువ్వు మొదటి పేజీతో మొదలుపెట్టడమే ఇబ్బంది. ఉపోద్ఘాతం ఆ రంగంలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల కోసం రాసింది, పేపరులో అన్నిటికన్నా కష్టమైన భాగం అదే. మొదట బొమ్మలు, గ్రాఫులు చూడు. ఒక్కో గ్రాఫుకు అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది, ఏది పెరిగింది, ఏది తగ్గింది అని తెలుగులో ఒక్క వాక్యం రాయి. తరవాత బొమ్మ కింద రాసింది చదువు. తరవాత పద్ధతుల భాగం: ఎన్ని నమూనాలు, దేనితో కొలిచారు, దేనితో పోల్చారు. ఈ మూడూ అయ్యాక ఫలితాలు. ఉపోద్ఘాతం చివర. ఒక్కసారి కూర్చుంటే 45 నిమిషాలు మించకు. ప్రతి పేపరు నుంచి ఇరవై మాటలు మాత్రమే నోటు పుస్తకంలోకి ఎక్కించు. ఐదో పేపరుకు సగం మాటలు పాతవే అని నీకే తెలుస్తుంది. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పేపర్లు ఉచితంగా దొరుకుతాయి.

మేడమ్‌కు మా మాట: గ్రూపు సమావేశంలో పిల్లలను తెలుగులో మాట్లాడనివ్వండి. స్లైడ్ల మీద రాత ఇంగ్లిష్‌లో ఉండనివ్వండి. ఆలోచన స్పష్టంగా ఉన్న పిల్ల ఇంగ్లిష్ వాక్యం కుదరక నోరు మూసుకుంటే నష్టపోయేది ఆ ప్రాజెక్టే. బయట సెమినార్‌కు వెళ్లే ముందు మాత్రం ఇంగ్లిష్‌లో మూడుసార్లు చెప్పించండి, ప్రశ్నలతో సహా.

ప్రశ్న: మా పాప బీఎస్సీ రెండో సంవత్సరం. రీసెర్చ్ అని సాయంత్రం ఆరు దాకా ల్యాబ్‌లో ఉండాలంటాది. జీతమేం లేదు. ఊరికి వచ్చేసరికి చీకటి పడతాది. ఇది చదువులో భాగమా, చాకిరా? రక్తాలు, కెమికల్సు ముట్టుకుంటే ఏమన్నా అవుతాదా?
– ఒక తండ్రి, పత్తికొండ

జవాబు: మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. కాలేజీకి వెళ్లి ఆ అధ్యాపకురాలిని కలవండి, పాప ముందే మాట్లాడండి. వారానికి ఎన్ని గంటలని కాగితం మీద ఇమ్మనండి. బస్సు వేళకు అరగంట ముందు వదలమనండి. ఆరింటి దాకా ఉండాల్సిన ప్రయోగాలు చాలా తక్కువ. ఎక్కువ పనులు పొద్దున మొదలుపెడితే మూడింటికి ముగుస్తాయి, లేదా ఇంక్యుబేటర్‌లో పెట్టి మర్నాడు చూడవచ్చు. పాప ఒంటరిగా ల్యాబ్‌లో ఉండే పరిస్థితి ఎప్పుడూ రాకూడదు.

మనిషి రక్తంతో పని చేయిస్తున్నారా అని అడగండి. చేయిస్తుంటే హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు ముందే పడి ఉండాలి: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. గ్లౌజులు, కోటు కాలేజీ ఇవ్వాలి. వాడిన సూదులు తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, రక్తం అంటిన ప్లాస్టిక్ ఎరుపు సంచిలోకి పోవాలి. ఆ డబ్బా, సంచులు మీరు ల్యాబ్‌లోకి తొంగి చూస్తే కనిపించాలి. అవి కనిపించకపోతే రక్తం పని ఆపమని చెప్పే హక్కు మీకుంది.

ఇక చాకిరా అంటే, దానికి ఒక గుర్తు చెబుతాం. ఈ వారం ఏం చేశావు, ఎందుకు చేశావు అని పాపను అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆమె నేర్చుకుంటోంది. 'సీసాలు కడిగాను' అని రెండు నెలలుగా అదే జవాబైతే వెళ్లి అడగండి.

ప్రశ్న: మా గ్రూపులో గాజుసామాను కడగడం, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) దగ్గర నిలబడడం ఎప్పుడూ కొందరికే పడుతోంది. వాళ్లు ఏ వర్గాల పిల్లలో చెప్పనక్కరలేదు. ఎవరూ కావాలని చేయడం లేదు. ఎలా సరిచేయాలి?
– పేరు రాయవద్దన్న అధ్యాపకుడు

జవాబు: ఎవరూ కావాలని చేయనప్పుడు కూడా అన్యాయం అన్యాయమే. మీరు గమనించి రాసినందుకు సంతోషం. మాటలతో సరికాదు, పట్టికతో అవుతుంది. ల్యాబ్‌లో ఉన్న పనులన్నీ రాయండి: కడగడం, బ్యాక్టీరియా పెంచే మీడియా తయారీ, ఆటోక్లేవ్, పిపెటింగ్, పరికరం మీద చదవడం, కంప్యూటర్‌లో ఎక్కించడం, గ్రాఫు గీయడం, వినిపించడం. వారం వారం పేర్లు తిప్పండి. గోడ మీద అంటించండి. మీ పేరు కూడా కడిగే వరసలో ఉండాలి. నెల తరవాత పరికరాన్ని ముట్టుకున్న గంటలు ఎవరికి ఎన్నో కూడండి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాడే ప్రతిసారీ వినిపించే వరసలో ఉంటే అదీ ఇదే జబ్బు. ఎవరైనా కులం పేరుతో మాట అంటే పట్టిక చాలదు. అదే రోజు గ్రూపు ముందు ఆ మాట తప్పని చెప్పి, కాలేజీలోని ఫిర్యాదుల కమిటీకి రాయండి.

ప్రశ్న: అమెరికాలో నల్లజాతి, ఇతర వెనుకబడిన వర్గాల విద్యార్థులను బయోమెడికల్ పరిశోధనలోకి తెచ్చే కార్యక్రమాలు చాలా ఏళ్లుగా ఉన్నాయంటారు. వాటిలో మనకు పనికొచ్చేది ఏది?
– అధ్యాపకురాలు, నంద్యాల రోడ్, కర్నూలు

జవాబు: మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీలో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం బాగా పేరున్నది. మోడెర్నా కోవిడ్ టీకా వెనక ఉన్న, అప్పట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్)లో పనిచేసిన శాస్త్రజ్ఞురాలు కిజ్‌మీకియా కార్బెట్ అందులో చదివినవారే. డబ్బు సాయం ఒక్కటే కాదు, పిల్లలను ఒంటరిగా వదలకుండా జట్టుగా చదివించడం, కాలేజీ మొదలయ్యే ముందు వేసవిలోనే తయారు చేయడం, తొలి ఏళ్లలోనే పరిశోధనశాలల్లోకి పంపడం అక్కడి పద్ధతి. ఎన్‌ఐహెచ్ 2014లో బిల్డ్ పేరుతో పది చోట్ల విద్యార్థులకు, వాళ్ల మెంటార్లకు (వెంట ఉండి నేర్పేవాళ్లకు) కలిపి శిక్షణ మొదలుపెట్టింది. మెంటార్‌గా ఉండడం కూడా నేర్చుకోవాల్సిన పనే అన్నది మనం తీసుకోవాల్సిన మొదటి సంగతి.

రెండోది, మాకు ఎక్కువ నచ్చినది వేరే కార్యక్రమం. హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ 2008లో మొదలుపెట్టిన సీ-ఫేజెస్‌లో మొదటి సంవత్సరం విద్యార్థులు క్లాసు మొత్తం ప్రాక్టికల్ గంటల్లోనే మట్టి నుంచి బ్యాక్టీరియాను చంపే వైరస్‌లను, అంటే ఫేజ్‌లను, వెతికి పట్టుకుంటారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 2010లో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ అడుగు నుంచి పట్టిన ఫేజ్‌కు 'మడ్డీ' అని పేరు పెట్టారు. మందులకు లొంగని ఇన్ఫెక్షన్‌తో ప్రాణం మీదికి వచ్చి లండన్ ఆసుపత్రిలో చికిత్స పొందిన బాలికకు ఇచ్చిన మూడు ఫేజ్‌ల మిశ్రమంలో అదొకటి. ఆ బాలిక కోలుకున్న తీరు 2019లో వెలువడింది.

ఇందులో మనకు పనికొచ్చేది ఫేజ్ కాదు, ఎంపిక లేకపోవడం. క్లాసులో అందరూ, ప్రాక్టికల్ పీరియడ్లోనే చేస్తారు కాబట్టి బస్సు పిల్లలు తప్పిపోరు, ఆసక్తి గలవారు సంప్రదించే పని లేదు. మీరు రెండో సెమిస్టర్‌లో ఒక ప్రాక్టికల్‌ను తీసేసి, జవాబు ముందే తెలియని ఒక కొలతను నలభైమందికీ పంచండి. పైన రాసిన ఫ్లోరైడ్ పని అందుకు సరిపోతుంది: తలా ఒక ఊరు.

ప్రశ్న: నా ప్రాజెక్టు పేపరులో నా పేరు నాలుగోది. ముందున్న ఇద్దరు ల్యాబ్‌లో కనిపించనేలేదు. ఇంకొకరు 6 వేలు కడితే వారంలో వేసే పత్రిక ఉంది అంటున్నారు.
– విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన షరతులు నాలుగు: ఆలోచనలోనో, కొలతలోనో, విశ్లేషణలోనో గట్టి భాగం, రాయడంలోనో దిద్దడంలోనో చేయి, తుది ప్రతికి ఆమోదం, తప్పొప్పులకు జవాబుదారీ. నాలుగూ ఉన్నవాళ్లే రచయితలు. విభాగాధిపతి అయినంతమాత్రాన పేరు రాదు. ఇది గొడవగా కాకుండా ప్రశ్నగా అడుగు: 'ఎవరి భాగం ఏమిటో పేపరు చివర రాద్దామా సార్?' చాలా పత్రికలు ఆ వివరం అడుగుతాయి కూడా. వారంలో వేసే పత్రికకు డబ్బు కట్టవద్దు. వారంలో ఎవరూ నిజంగా చదివి పరీక్షించలేరు. దాని బదులు కాలేజీ సైన్స్ డే పోస్టరుగా పెట్టు, నోటు పుస్తకం జాగ్రత్తగా ఉంచుకో. రేపు ఇంటర్వ్యూలో నిన్ను నిలబెట్టేది అదే.

ప్రశ్న: నాలుగో ఏడాది 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకోవాలంటే అర్హత ఏమిటి?
– పలువురు విద్యార్థులు

జవాబు: యూజీసీ చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో కలిపి 75 శాతం ఉండాలి. నాలుగో ఏడాది 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలి. ప్రాజెక్టు చేయనివారు ఆ క్రెడిట్లకు బదులు కోర్సులు చదివి మామూలు ఆనర్స్ తీసుకోవచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల మార్కులు తరచుగా మొదటి రెండు సెమిస్టర్లలోనే పడిపోతాయి. ఆ లోటు ఆరో సెమిస్టర్ దాకా వెంటాడుతుంది. మూడో ఏడాదిలో ఈ నిబంధన తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. అధ్యాపకులు దీన్ని మొదటి సెమిస్టర్ మొదటి వారంలో, బోర్డు మీద రాసి చెప్పాలి.